సమస్యాపూరణం: సీత యెరుగనట్టి సీతఫలము

నిర్వాహకుడు
పాలమూరు జిల్లా బాలానగర్ దగ్గర రోడ్డు పక్కన సీతాఫలాల గంపలు దిగాయి. కళ్ల మధ్య గీతలు తెల్లబడ్డ కాయలు ఏరుకుంటుంటే ఈ పాదం తట్టింది. అడవిలో అన్నేళ్లు కందమూలాలు, పండ్లు తిని బతికిన తల్లికి తన పేరున్న పండే తెలియదంటే ఎట్లా? ఈ విరోధం విడిపోయేలా, ఇదే చివరి పాదంగా పద్యం పూరించండి.

*సీత యెరుగనట్టి సీతఫలము*

వనపర్తి వాణి

కడలి దాటి వచ్చెఁ గద పరంగుల యోడ
నెక్కి పడమటొడ్డు నేల దిగెను
నాటి దండకమున నది లేదు గద తల్లి
సీత యెరుగనట్టి సీతఫలము

ఈ చెట్టు సొంత నేల అమెరికా ఖండపు వేడి ప్రాంతాలు. 1498లో వాస్కో డ గామా కాలికట్ చేరాక, పోర్చుగీసుల రాకపోకలతో మన దేశానికి వచ్చింది. పాలమూరు గుట్టల్లో ఎంతగా కలిసిపోయిందంటే, సీతాఫలాల్లో పేరున్న రకానికి 'బాలానగర్' అనే పేరే స్థిరపడింది.

పానగల్లు పంతులు
ధార బాగుంది తల్లీ. కానీ నాలుగు పాదాల పద్యంలో రెండు 'గద'లా? మొదటిది యతి కోసం, అంటే పాదం మొదటి అక్షరానికి నడుమ జత కుదరడం కోసం వచ్చింది, సరే. రెండోది ఉత్త పూరకం. 'నాటి దండకమున నది లేదు మన తల్లి' అంటే గణం చెడదు, సీతమ్మ మనకు దగ్గరవుతుంది.

ఇక విషయానికొస్తే, మధ్యప్రదేశ్‌లోని భర్హుత్ బౌద్ధ స్తూపాన్ని 1873లో వెలుగులోకి తెచ్చిన పురావస్తు పరిశోధకుడు కన్నింగ్‌హామ్ అక్కడి శిల్పాల్లో సీతాఫలాన్ని పోలిన పండును చూశాడు. అది క్రీస్తుకు పూర్వపు శిల్పం. దానికేమంటావు?

వనపర్తి వాణి
రాతిలో చెక్కిన పండును చూసి చెట్టు జాతి తేల్చలేం పంతులుగారూ. కళ్లు కళ్లుగా ఉబ్బిన కాయ పనసా కావచ్చు, శిల్పి ఊహా కావచ్చు. సీతాఫలం దగ్గరి చుట్టాలన్నీ దాదాపుగా అమెరికా అడవుల్లోనే ఉన్నాయి. నాకు చెట్టు సాక్ష్యమే గట్టిది.

అయినా కాలం లెక్క మీరు అడగడమేమిటి? మిరపకాయ సమస్యకు మీరు పంపిన పద్యంలో కాకతీయుల వంటింట్లో పచ్చిమిర్చి తొక్కు నూరించారు. కాకతీయ రాజ్యం 1323లో పోయింది. మిరపకాయ అమెరికా నుంచి మన తీరం చేరింది 16వ శతాబ్దంలో. రుద్రమదేవి కారం తిని ఉంటే అది మిరియాలదో పిప్పళ్లదో అయి ఉండాలి.

పానగల్లు పంతులు
ఆ పద్యంలో యతి ఒక్కచోటన్నా తప్పిందేమో చూపించు, తర్వాత మాట్లాడదాం.

మిర్యాలగూడ మాస్టారు
మీ ఇద్దరి పాత లెక్కలు పక్కన పెట్టి ఇది చూడండి.

రాళ్ల గుట్ట మీద రాలిన విత్తుకు
నాగలేల యెరువు నారులేల
వాన లొకటి రెండు పడినఁ గాయలు గాయు
సీత యెరుగనట్టి సీతఫలము

నిర్వాహకుడు
మాస్టారూ, దండం! 'సీత' అంటే నాగటి చాలు. జనకుడు దున్నుతుంటే చాలులో దొరికింది కాబట్టే ఆమె సీత. చాలులో పుట్టిన తల్లి పేరు మోస్తూ, చాలంటే ఎరుగని పండు! ఈ అర్థం నాకే తోచలేదు. నాలుగో పాదంలో విరోధం దానంతటదే విడిపోయింది.

వనపర్తి వాణి
విరుపు గొప్పదే, ఒప్పుకుంటా. కానీ చరిత్ర చెప్పమంటే మాస్టారు వ్యవసాయం చెప్పారు. పైగా ఇప్పుడు సీతాఫలాన్ని తోటలుగానూ పెంచుతున్నారు. దున్ని, గుంతలు తీసి, అంటు మొక్కలు పెడుతున్నారు. ఆ పండుకు సీత తెలిసినట్టే కదా?

మిర్యాలగూడ మాస్టారు
నాది గుట్ట చెట్టమ్మా, మొదటి పాదంలోనే చెప్పాను. మేకలు కూడా ఆ ఆకు ముట్టవు, ఎవరూ నీళ్లు పోయరు, అయినా కాస్తుంది. సముద్రాలు దాటొచ్చిన మొక్క మన రాళ్లలో బతికిన తీరే నాకు అసలు చరిత్ర.

జడ్చర్ల జొన్నరొట్టె
నా ప్రయత్నం.

రామఫలము కూడ రాక మునుపు నాడు
లక్ష్మణుండు వెదక లేదు ఫలము
పర్ణశాల లోన పంచుకో లేదది
సీత యెరుగనట్టి సీతఫలము

రామఫలం, లక్ష్మణఫలం కూడా అమెరికా నుంచి వచ్చినవే. అందుకే ముగ్గురినీ ఒకే పర్ణశాలలో కూర్చోబెట్టాను.

పానగల్లు పంతులు
రెండో పాదంలో యతి పోయింది తమ్ముడూ. 'ల'కు 'లే' చెల్లదు, హల్లు ఒకటే అయినా అచ్చు కలవాలి. 'లక్ష్మణునకు వెదక లభ్య మగునె' అని మార్చు. యతీ నిలుస్తుంది, అమ్మలాంటి వదినకు పండు కోసం అడవంతా తిరిగే మరిది కూడా కనిపిస్తాడు. మూడో పాదం జోలికి పోకు, అది ఈ వారపు పాదాల్లో నాకు బాగా నచ్చింది.

జడ్చర్ల జొన్నరొట్టె
లభ్యమగునె! పంతులుగారూ, ఆ ఒక్క మాటతో పద్యం లేచి కూర్చుంది.

వనపర్తి వాణి
తమ్ముడూ, నీ పేరులోని జొన్న కూడా వేల ఏళ్ల కింద ఆఫ్రికా నుంచి వచ్చిందే, తెలుసా? చింత కూడా అక్కడిదే. మక్కజొన్న, పల్లికాయ, టమాట, ఆలుగడ్డ, జామ, ఇవన్నీ అమెరికావి. మన సద్ది మూటలో సగం సముద్రం మీద వచ్చిందే.

పానగల్లు పంతులు
నిర్వాహకులకు ఒక ప్రశ్న. సంస్కృత సమాసమైతే 'సీతాఫలము' అని దీర్ఘం ఉండాలి. 'సీతఫలము' అని మీరే ఇస్తే మేమెవరికి చెప్పుకోవాలి?

నిర్వాహకుడు
'సీత యొక్క ఫలము' అని తెలుగు షష్ఠిగా తీసుకోండి. అట్లా చూస్తేనే మాస్టారి నాగటి చాలుకూ చోటు దొరుకుతుంది. ఈ వారం మొదటి స్థానం ఆయనదే, వాణిగారి పద్యం రెండోది. వచ్చే వారం సమస్య జొన్న మీద. పంతులుగారూ, అందులో ఏ రాజు వంటింటికి వెళ్లినా కాలం సరిచూసుకుని వెళ్లండి.