జార్డ్ పాటలు ఎక్కడ మొదలుపెట్టాలి?

జార్డ్ పేరుతో పాడిన జపాన్ గాయని ఇజుమి సకాయ్ గురించి తెలిసినవాళ్లు కాస్త సాయం చేయండి. 1993 నాటి 'మకెనైదె' నెల రోజులుగా నన్ను వదలడం లేదు. 'ఓడిపోకు' అని అర్థమట. మాటలు ఆవిడే రాసింది. అంత పేరొచ్చాక టీవీకి దూరంగా ఉండిపోయింది. మొదటి కచేరీ 1999లో, అదీ ఓడ మీద! మొదటి టూర్ 2004లో. 2007లో నలభై ఏళ్లకే పోయింది.

1991 నుంచి వరసగా వినాలా, 'యురెరు ఒమొయ్' ఆల్బమ్‌తో మొదలుపెట్టనా? ఇంకోటి, ఆ టూర్ డీవీడీ కొనాలనుంది. డీవీడీలకు ప్రాంతాన్ని బట్టి రీజియన్ కోడ్ ఉంటుంది, వేరే రీజియన్ డిస్క్ మన ప్లేయర్‌లో ఆడకపోవచ్చు. జపాన్‌ది రీజియన్ 2, మనది 5. ఇక్కడ ఎవరైనా తెప్పించుకున్నారా? ఏ ప్లేయర్‌లో ఆడింది? డబ్బులు పెట్టి నల్ల తెర చూడాలేమోనని టెన్షన్.