అప్‌డేట్: పాత దూలాలతో పెరట్లో ఊయల, ఇసుక గుంట

పలాస దగ్గర మా పాత పెంకుటిల్లు విప్పగా మిగిలిన కలపతో పిల్లలకు పెరట్లో ఆటస్థలం కట్టొచ్చా అని అడిగాను కదా. కట్టేశాం. ఇప్పుడు అన్నానికి పిలిచినా రావట్లేదు వెధవలు.

తాటి దూలాలు పక్కన పెట్టేశాం, పీచు లేచి చేతుల్లో గుచ్చుకుంటుంది. టేకు దూలాలే స్తంభాలయ్యాయి. అసలు పనంతా మేకులు పీకడమే. తలలు ఊడిపోయినవి కంటికి కనబడవు. మా వడ్రంగి మావయ్య అయస్కాంతానికి దారం కట్టి చెక్క మీద జరుపుతూ, అతుక్కున్న చోటల్లా సుద్దతో గుర్తు పెట్టాడు. పాత రంగులో సీసం ఉండొచ్చన్నారు మీలో ఒకరు, అందుకే రంగేసిన తలుపు చెక్కలు ముట్టుకోలేదు. రైల్వే స్లీపర్లు (పట్టాల కింద వేసే చెక్క దిమ్మెలు) చవగ్గా వస్తాయన్నారు గానీ, చెక్క పుచ్చకుండా వాటికి పట్టించే క్రియోసోట్ అనే తారు నూనె పిల్లల ఒంటికి మంచిది కాదు. వద్దన్నాను.

2018లో తిత్లీ తుపానుకి జీడితోటలు నేలకూలడం చూసినవాళ్లం, అందుకే స్తంభాలు మూడడుగులు దించి కాంక్రీటు పోయించాం. ఊయల కింద అడుగు మందాన ఇసుక, చుట్టూ ఆరడుగులు ఖాళీ. రాత్రిళ్లు ఇసుక గుంట మీద టార్పాలిన్ కప్పాల్సిందే, వీధి పిల్లులకి అదే దొడ్డి!

జారుడుబల్ల మాత్రం కొన్నదే పెడతాం.