వోల్పాటో బిస్కట్ పింగాణీ జంట బొమ్మ: కడగొచ్చా?

ప్రశ్న: ప్రాచీన శిల్పం నమూనాలో చేసిన తెల్లని జంట బొమ్మ. బిస్కట్ పింగాణీ, అంటే గ్లేజు (గాజులాంటి మెరుపు పూత) లేదు. అడుగున "జి. వోల్పాటో రోమా" అని నొక్కిన ముద్ర ఉంది. బట్టల మడతల్లో మురికి పట్టింది. నీళ్లలో కడగొచ్చా?

జవాబు: దయచేసి ముంచకండి. పాత అతుకుల్లో జంతు జిగురు ఉంటే తడికి ఊడిపోతుంది. ముందు మెత్తటి కుంచెతో పొడిగా దులపండి. తర్వాత దూదిపుల్లను డిస్టిల్డ్ వాటర్‌లో తడిపి, పిండి, వెనకవైపు ఒక్క చోట రుద్ది చూడండి. దూది నల్లబడగానే మార్చండి, లేకపోతే అదే మురికి మళ్లీ గరుకు ఉపరితలంలోకి ఎక్కుతుంది. బ్లీచు వద్దేవద్దు.

మరో జవాబు: వోల్పాటో అనే ఇటలీ ఎన్‌గ్రేవర్ (లోహపు రేకుల మీద బొమ్మలు చెక్కేవాడు) 1785లో రోమ్‌లో కార్ఖానా పెట్టి, ప్రాచీన శిల్పాలకు చిన్న ప్రతులు చేయించాడు. ముద్ర ఒక్కటే చూసి నమ్మకండి. వేళ్లు, మెడ, భుజాల అతుకుల మీద చీకట్లో అల్ట్రావయొలెట్ లైటు వేయండి. తర్వాతి కాలంలో మరమ్మతుకు పూసిన రంగు, జిగురు చాలావరకు వేరే మెరుపుతో బయటపడతాయి.

అడిగినవారు: ఆ లైటు వేస్తే మెడ దగ్గర పసుపు గీత కనిపించింది.

జవాబు: అయితే అది పాత అతుకు జిగురు కావచ్చు, అక్కడ తడి తగలనీయకండి. ఎత్తేటప్పుడు చేయి పీఠం కిందే ఉండాలి.