అమెరికా సుంకం దెబ్బకు ప్రకటించిన సాయం రొయ్యల గుంటల రైతుకు వస్తుందా?

ప్రశ్న – వాకాడు మండలం, రొయ్యల రైతు (నవంబరు 2025)

అన్నలందరికీ నమస్కారం. మాది తిరుపతి జిల్లా వాకాడు మండలం. ఐదెకరాల గుంటలు కౌలుకు తీసుకుని వనామీ రకం రొయ్యలు వేస్తున్నాను. ఆగస్టు 27 నుంచి అమెరికా సుంకం 50 శాతానికి పెంచినప్పటి నుంచి ట్రేడర్లు ఫోన్ ఎత్తడమే తగ్గించారు. ఎత్తినా "రొయ్యలు శుద్ధి చేసి ఎగుమతి చేసే ప్లాంటులో సరుకు ఆగిపోయింది, ఈ రేటుకైతే పట్టండి" అంటున్నారు. మేత డీలరు దగ్గర బాకీ ఉంది, ఇంట్లో బంగారం బ్యాంకులో ఉంది. రిజర్వ్ బ్యాంకు రొయ్యలకు మారటోరియం (అప్పు వాయిదాలు కొన్నాళ్లు ఆపుకునే వీలు) ఇచ్చిందని, కేంద్రం 25 వేల కోట్లు ఇస్తోందని టీవీలో చెప్పారు. బ్యాంకుకు పోయి అడిగితే అది మీకు కాదు అన్నారు. నిజమేనా? మరి మాకేముంది? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు – తిరుపతి, బ్యాంకులో వ్యవసాయ రుణాలు చూసి రిటైరైన వ్యక్తి

తమ్ముడూ, బ్యాంకువాళ్లు చెప్పింది నిజమే. వివరంగా చెప్పకుండా పంపించడం మాత్రం తప్పు.

రిజర్వ్ బ్యాంకు 2025 నవంబరు 14న ఇచ్చిన ఆ వెసులుబాటు ఎగుమతిదారుల కోసం. సెప్టెంబరు 1 నుంచి డిసెంబరు 31 వరకు కట్టాల్సిన వాయిదాలు, వడ్డీ తర్వాత కట్టుకునే వీలిచ్చింది. దానికి ఆగస్టు 31 నాటికి ఎగుమతి రుణం ఉండాలి, అది మొండి బాకీ అయి ఉండకూడదు. 25,060 కోట్లు ఎగుమతుల ప్రోత్సాహక మిషన్‌వి. ఆ డబ్బు ఆరేళ్ల మీద ఖర్చుపెడతారు. రెండూ ప్లాంటు వాడికి ఊపిరి పోస్తాయి. నీ బంగారం లోనుకూ, డీలరు బాకీకీ వాటితో సంబంధం లేదు. ప్లాంటు నిలబడితేనే నీ సరుకు కదులుతుంది, కాదనను. కానీ పై నుంచి పోసిన నీళ్లు చివరి మడి దాకా పారతాయని ఎదురుచూస్తూ కూర్చోవద్దు.

నీ పేరు మీద వచ్చేది కిసాన్ క్రెడిట్ కార్డు. కౌలుదారులకు ఇవ్వరని చాలామంది అనుకుంటారు. చేపలు, రొయ్యల పెంపకానికి రిజర్వ్ బ్యాంకు 2019లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కౌలు రైతులు అని స్పష్టంగానే ఉంది. వడ్డీ 7 శాతం, గడువులోగా కట్టేస్తే 3 శాతం తగ్గి 4 పడుతుంది. ఒక్క ఆక్వా మీదే తీసుకున్న లోనుకైతే ఈ వడ్డీ రాయితీ 2 లక్షల దాకానే. బడ్జెట్‌లో 5 లక్షలన్నారు కదా అని అడుగుతావేమో, మే నెలలో కేబినెట్ కొనసాగించిన పథకంలో ఈ 2 లక్షలు మారలేదు. 2 లక్షల వరకు తాకట్టు కూడా అక్కర్లేదు.

ఐదెకరాల రొయ్యల పెంపకానికి 2 లక్షలు ఏ మూలకని నాకూ తెలుసు. అయినా తీసుకో. ఎందుకంటే డీలరు దగ్గర అప్పు మీద మేత తెస్తే ఎమ్మార్పీకే బస్తా లెక్కేస్తాడు. మేత కంపెనీలు కిలోకు 9 రూపాయలు తగ్గించాయని ముఖ్యమంత్రి సెప్టెంబరులో కేంద్రానికి రాసిన లేఖలో ఉంది. ఆ తగ్గింపు నీకు వస్తోందా? చేతిలో నగదు ఉన్నవాడే గట్టిగా బేరమాడగలడు. అప్పుకు తెచ్చిన బస్తా బిల్లు, నగదుకు తెచ్చిన బస్తా బిల్లు పక్కపక్కన పెట్టి చూసుకో, తెలుస్తుంది.

ప్రశ్న – వాకాడు రైతు

అన్నా, గుంటల యజమానితో నోటి మాటే. కాగితం ఏమీ లేదు. అమ్మిన సరుకుకూ బిల్లు లేదు, ట్రేడరు ఇచ్చిన చీటీలు ఉన్నాయి.

జవాబు – తిరుపతి

అసలు చిక్కు అక్కడే ఉంది. ఆ చీటీలు నేను చాలా చూశాను. తెల్లకాగితం మీద పెన్సిల్‌తో కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలో), కిలోలు, రేటు, కింద కటింగ్ (తగ్గించుకున్న డబ్బు), ఇంతే. కొన్నవాడి పేరు ఉండదు, తేదీ కూడా ఒక్కోసారి ఉండదు. ఏ బ్యాంకూ దాన్ని ఆదాయం కింద చూడదు. ఇకనుంచి రొయ్యలు పట్టి అమ్మిన డబ్బు బ్యాంకు ఖాతాలోనే వేయించుకో, చీటీ మీద పేరు, సంతకం అడుగు.

యజమానిని ఒప్పించి కౌలు ఒప్పందం రాయించు. పొలం పోతుందని భయపడతాడు, అందుకని గడువు స్పష్టంగా పెట్టండి. గుంటలకు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ (తీరప్రాంత చేపలు, రొయ్యల సాగును చూసే కేంద్ర సంస్థ) రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడుగు. వనామీ పెంపకానికి అది తప్పనిసరి. ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి, చాలామంది మర్చిపోతారు. రాష్ట్ర ఆక్వా అథారిటీ లైసెన్సు సంగతి మీ రైతు సేవా కేంద్రంలో మత్స్య సహాయకుడిని అడుగు.

జవాబు – చిట్టమూరు మండలం, రైతు భార్య

ఒకటి చెప్పనా అన్నా. జాతీయ మత్స్య డిజిటల్ ప్లాట్‌ఫాంలో పేరు నమోదు చేయించుకోండి. ఆధార్, దానికి లింకైన ఫోను, బ్యాంకు పుస్తకం తీసుకుపోతే చాలు. కేంద్రం పెట్టిన మత్స్య కిసాన్ సమృద్ధి సహ యోజన కింద బీమా ప్రీమియంలో 40 శాతం వెనక్కి ఇచ్చేది దాని ద్వారానే. హెక్టారుకు 25 వేలు, రైతుకు మొత్తం లక్ష దాటదు. ఎస్సీ, ఎస్టీలకు, ఆడవాళ్లకు అలా వచ్చే మొత్తం మీద ఇంకో 10 శాతం కలుస్తుంది. అందుకే మేము నా పేరు మీద చేయిస్తున్నాం.

జవాబు – తిరుపతి

మంచి మాట చెప్పావమ్మా. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి, ఆ బీమా పంట పోతేనే వస్తుంది. రేటు పడిపోతే రాదు. సుంకం నష్టానికి అదే మందని ఏజెంటు చెబితే నమ్మొద్దు.

ఏరియేటర్లు (గుంట నీటికి గాలి అందించే యంత్రాలు) మార్చాలనుకునేవాళ్లు ఉంటే, సెప్టెంబరు 22 నుంచి వాటి మీద జీఎస్టీ 5 శాతమే. పాత రేటు వేస్తే ఒప్పుకోకండి.

ప్రశ్న – వాకాడు రైతు

కాగితాలన్నీ పెట్టినా బ్యాంకు తిప్పి పంపితే?

జవాబు – తిరుపతి

నోటితో కాదంటే వెనక్కి రావద్దు తమ్ముడూ. దరఖాస్తు ఇచ్చి, ముట్టినట్టు నకలు మీద సీలు వేయించుకో. కాదంటే కారణం రాసివ్వమను. ఆ కాగితంతో సోమవారం తిరుపతి కలెక్టరేట్‌లో గ్రీవెన్స్‌కు (అర్జీలు తీసుకునే కార్యక్రమానికి) రా, అర్జీ నంబరు తీసుకో. నలుగురైదుగురు రైతులు కలిసి వస్తే ఇంకా మంచిది. వచ్చే ముందు ఇక్కడ ఒక మాట రాయి, అర్జీ నేను రాసిపెడతాను.