షుగర్ పేషెంట్లకిచ్చే కాగితం జనాలకి అర్థమయ్యేట్టు రాయాలంటే ఎట్ల?

తిరుపతి_నర్సు:
అందరికీ నమస్తే. నేను తిరుపతిలో ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. ఇన్సులిన్ మొదలుపెట్టినోళ్ళకి ఇంటికి పోయేటప్పుడు ఒక కాగితం ఇస్తాం, దాన్ని మళ్ళీ రాసే పని నాకిచ్చినారు. పోయిన నెల పలమనేరు వైపు నుంచి ఒక పెద్దాయన కళ్ళు తిరిగి పడిపోయి వచ్చినాడు. కాగితంలో ‘భోజనానికి 30 నిమిషాల ముందు’ అనుంది, ఆయన పొద్దున ఆరుకే సూది వేసుకుని టమాటా తోటకి పోయినాడు, తినింది పదికి. అడిగితే “భోజనమంటే మధ్యాన్నం అన్నం కదమ్మా, పొద్దున తినేది సంగటి, అది మధ్యాన్నం సూదికి రాసిందనుకున్నా” అన్నాడు. తప్పు ఆయనది కాదు, మాదే. అందుకే ఈసారి ప్రింటుకిచ్చే ముందే జనాలకి చూపించాలనుకుంటున్నా. కానీ అర్థమైందా అంటే అందరూ అయింది మేడం అంటారు. ఎట్ల అడగాలి, ఎంతమందిని అడగాలి?

కుప్పం_ఏఎన్ఎం:
అక్కా, అర్థమైందా అని మాత్రం అడగొద్దు. “ఇంటికి పోయి మీ కోడలికి ఎట్ల చెప్తారో నాకు చెప్పండి” అనండి, వాళ్ళ నోట్లో వచ్చే మాటే రాసుకోండి. హైపోగ్లైసీమియా అని పెద్దక్షరాలతో రాసినా ఎవురూ చదవరు, ‘షుగర్ పడిపోతే’ అని రాసి చెమటలు, వణుకు, గుండె దడ అని చెప్తే చాలు. 70 కన్నా తగ్గితే మూడు స్పూన్ల చక్కెర నీళ్ళలో కలిపి తాగి, 15 నిమిషాలాగి మళ్ళీ చూసుకోవాలని కూడా వేయండి. ఒకేసారి వందమందికి ఫారాలు పంచేదానికన్నా అయిదారుమందికి చూపించి దిద్ది, ఇంకో అయిదారుమందికి చూపించేది మేలు.

చిత్తూరు_మెడికల్‌షాపు:
‘సరైన సిరంజి వాడండి’ అని రాసుంటే దాన్ని తీసేయండి మేడం. ఒక ఎంఎల్‌లో 40 యూనిట్లుండే బుడ్డికి ఎర్ర మూత సిరంజి, 100 యూనిట్లుండే బుడ్డికి నారింజ మూతది. 40 బుడ్డిలో మందు నారింజ సిరంజితో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి పోయేది 8 యూనిట్లే, తిరగేసి చేస్తే రెండున్నర రెట్లు పోతుంది, అది ప్రాణం మీదికొస్తుంది. మా దగ్గర జనం ‘ఎర్ర టోపీది ఇయ్యన్నా’ అనే అడుగుతారు, ఆ మాటే పెట్టండి. ఇంకొకటి, మీరు రంగుల్లో వేసినా ఊర్లోకి పోయేది జిరాక్సు, అందులో ఎరుపు నలుపైపోతుంది, కాబట్టి రంగు పేరు అక్షరాల్లో ఉండాల.

నగరి_అమ్మాయి:
జిరాక్సు మాట నిజమే అన్నా. మా అమ్మకిచ్చిన కాగితంలో డీప్ ఫ్రీజర్ బొమ్మ మీద ఇంటూ గుర్తు ఉండేది, జిరాక్సులో ఆ గీతలు కనపడలా, బుడ్డి బొమ్మ అక్కడే ఉంది కదా అని అమ్మ అక్కడే పెట్టేసింది. గడ్డకట్టిన మందంతా పారేసినాం. పెట్టకూడని చోటు బొమ్మ అసలు వేయొద్దు, పెట్టాల్సిన చోటే వేయండి. ఇంకా అమ్మ మాట్లాడేది తెలుగే గానీ చదివేది తమిళం. అట్లాంటోళ్ళకి మీ గొంతుతో వాట్సాప్‌లో వాయిస్ పంపితే బాగుంటుంది అక్కా.

తిరుపతి_నర్సు:
అందరికీ చాలా థాంక్స్, ఆ బొమ్మ మా కాగితంలో కూడా ఉంది, తీసేస్తున్నా. ఈ పొద్దు ఓపీలో ముగ్గురికి చూపించినా. ‘సంగటైనా టిఫినైనా అన్నమైనా, సూది వేసుకున్న అర్ధగంటకి తినేయాలి’ అని మార్చినాను, మా దగ్గరిచ్చే రకం ఇన్సులిన్‌కి అదే లెక్క. ఒక అవ్వ మాత్రం “అర్ధగంటని నాకెట్ల తెలుస్తాదమ్మా, పొయ్యి మీద ఎసరు పెట్టి సూది వేసుకుంటే సంగటి అయ్యేలోపు సరిపోతాది కదా” అనింది. రేపు డాక్టర్‌గారిని అడిగి, సరేనంటే ఆమె మాటే వేస్తా.