‘నిశ్శేషంగా’ అన్న మాటను ఎందుకు వదిలేస్తున్నాం?

లెక్కల గురించి తెలుగులో రాసేటప్పుడు చాలామంది "ఈ సంఖ్య 9తో భాగించబడుతుంది" అని ఆపేస్తున్నారు. నా బాధ ఆ ‘బడు’ గురించి కాదు, దాని ముందు ఉండాల్సిన ‘నిశ్శేషంగా’ మాయమైనందుకు. సున్నతో తప్ప ఏ సంఖ్యనైనా దేనితోనైనా భాగించొచ్చు కదా! 123456789నే తీసుకోండి, అంటే పన్నెండు కోట్ల ముప్పై నాలుగు లక్షల యాభై ఆరు వేల ఏడు వందల ఎనభై తొమ్మిది. దీన్ని 2తో భాగిస్తే 1 మిగులుతుంది, 4తోనూ 7తోనూ అంతే, 8తో అయితే 5. అదే 9తో భాగిస్తే 13717421 వచ్చి ఇక ఏమీ మిగలదు. అసలు సంగతి ఆ మిగలకపోవడమే, దాన్ని చెప్పే మాటనే తీసేస్తే వాక్యంలో ఇంకేముంది?

నిః + శేషం, నిశ్శబ్దంలో జరిగిన సంధే ఇక్కడా జరిగింది. శేషం అంటే మిగిలింది. ఋణశేషం, శత్రుశేషం ఉంచకూడదంటామే, అదే శేషం. ‘అశేష ప్రజానీకం’ అన్నా ఎవరూ మిగలకుండా అందరూ అనే. మాట్లాడేటప్పుడు "తొమ్మిదో ఎక్కంలో పోతుంది" అంటాం చూడండి, నాకు అది ఇంకా నచ్చుతుంది, మిగలకుండా అన్న అర్థం ఆ ‘పోతుంది’లోనే ఉంది.

మన సంఖ్య 9తో పోతుందని భాగించకుండానే తెలుస్తుంది. 1, 8 కలిపితే 9, కొట్టేయండి. 2, 7 కొట్టేయండి, 3, 6 కొట్టేయండి, 4, 5 కూడా. చివరికి ఉన్నది 9, అదీ పోయింది. 10, 100, 1000 వేటిని 9తో భాగించినా శేషం 1 కాబట్టి ఏ అంకె ఏ స్థానంలో ఉన్నా 9 దగ్గర దాని విలువ అంకె విలువే.

ప్రశ్న: అంటే అంకెల వరుస మార్చినా పోతుందా?

జవాబు: పోతుందండీ. ఈ తొమ్మిది అంకెల్ని ఒక్కోసారి వాడి 362880 సంఖ్యలు రాయొచ్చు, అన్నీ 9తో నిశ్శేషంగా పోతాయి, అందుకే వాటిలో ఒక్కటి కూడా ప్రధాన సంఖ్య కాదు. మన సంఖ్య కారణాంకాలు 3 × 3 × 3607 × 3803.

తిరగేసి రాసిన 987654321ని 123456789తో భాగించి చూడండి, నాకు చాలా ఇష్టమైన లెక్క ఇది. భాగఫలం 8, శేషం 9. ఇప్పుడు ఆ 9తో 123456789ని భాగిస్తే శేషం సున్న. అంటే రెండింటి గ.సా.భా. (రెండింటినీ నిశ్శేషంగా భాగించే అతి పెద్ద సంఖ్య) 9 అని రెండే అడుగుల్లో తేలిపోయింది. యూక్లిడ్ పద్ధతి అంటే ఇదే, శేషంతో మళ్ళీ భాగిస్తూ నిశ్శేషం అయ్యేదాకా వెళ్ళడం.