ఎండ పొడ లేని హాల్లో మొక్కల అక్వేరియం: మీ అనుభవాలు చెప్పండి

కోటవీధి (విజయనగరం)
గోడకు గోడ ఆనుకున్న ఇళ్ల వరుసలో మాది మధ్య ఇల్లు. మిట్టమధ్యాహ్నం కూడా హాల్లో లైటు వేసుకోవాలి. ఆ మూల బోసిగా ఉందని రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తున్న తొట్టి కొని నెలన్నర అయింది. మూడు రకాల మొక్కలు తెచ్చాను: ఆనుబియాస్, క్రిప్టోకోరైన్, ఇంకొకటి ఎర్రగా ఉంది, పేరు చెప్పలేదు. ఎర్రది పది రోజుల్లో కుళ్లింది. క్రిప్టో ఆకులు గాజు కాగితంలా పలచబడి కరిగిపోయాయి. ఆనుబియాస్ మొదలు దగ్గర మెత్తబడి వాసన వస్తోంది. వెలుతురు చాలడం లేదని దుకాణంలో ఇంకో పెద్ద లైటు అంటగట్టారు. రోజుకు పన్నెండు గంటలు వెలిగిస్తున్నాను. మొక్కలు బాగుపడలేదు కానీ అద్దాల నిండా పచ్చటి పాచి పట్టింది. పెద్దచెరువును ఇంట్లోకి తెచ్చావా అంటున్నారు మా అత్తగారు. లోపల ఆరు గప్పీలు, రెండు గోల్డ్‌ఫిష్ ఉన్నాయి. దయచేసి దారి చెప్పండి.

నాగావళి గట్టు (శ్రీకాకుళం)
తొమ్మిదేళ్లుగా మా ఇంట్లో ఉత్తరపు గదిలో తొట్టి నడుస్తోంది కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను. మీ మొక్కలు పాడైంది వెలుతురు లేక కాదు.

ఆనుబియాస్‌ను ఇసుకలో పాతి ఉంటారు. అల్లం కొమ్ములా అడ్డంగా ఉంటుందే, ఆ కాండం ఇసుక పైనే ఉండాలి. పూడితే కుళ్లుతుంది. మెత్తబడిన మేరకు బ్లేడుతో కోసేసి, గట్టిగా ఉన్న ముక్కను రాయికి దారంతో కట్టండి. దారం కట్టే ఓపిక లేక నేను ఫెవిక్విక్ చుక్కతో అంటిస్తాను. ఎప్పుడూ ఏమీ కాలేదు. రేపు జావా ఫెర్న్ అనే మొక్క కొన్నా ఇదే పద్ధతి.

క్రిప్టో చావలేదు. చోటు మారినా, నీళ్లు మారినా ఆకులన్నీ కరిగించుకోవడం దాని అలక. వేరు పీకకండి. మూడు నాలుగు వారాల్లో కొత్త చివురు వస్తుంది. అప్పటిదాకా కుళ్లిన ఆకులు తీసేస్తూ ఉండండి, అంతే.

ఎర్ర మొక్కల జోలికి మనం పోకూడదు. వాటిలో చాలావాటికి బలమైన వెలుతురు కావాలి, పైగా కొన్నిటికి కార్బన్ డయాక్సైడ్ కూడా పట్టించాలి.

ఇక ఆ లైటు. పన్నెండు గంటల వెలుగు పెళ్లింటికి కావాలి, ఆనుబియాస్‌కు కాదు. నెలకు ఒకటో రెండో ఆకులు వేసే మొక్క అది. అది వాడుకోలేని వెలుతురంతా పాచికి విందు. ఆరు గంటలకు తగ్గించండి. వీలైతే లైటును ఒక జానెడు పైకి ఎత్తండి. గోల్డ్‌ఫిష్‌ను ఎవరికైనా ఇచ్చేయండి. అవి మొక్కల్ని కొరుకుతాయి, పెకలిస్తాయి, మలం కూడా ఎక్కువ. మీ తొట్టి నిండా పోస్తే 55 లీటర్లు. వాటికి అది ఇరుకు.

కోటవీధి
పాతిన మాట నిజమే! మొక్కంటే పాతడమే అనుకున్నాను. లైటుకు టైమరు కొనమంటారా? ఆఫీసు నుంచి ఎప్పుడు వస్తానో నాకే తెలియదు.

బొబ్బిలి కోడలు
కొనండి కానీ గుండ్రంగా తిరిగే చక్రం ఉన్నది వద్దు. కరెంటు పోయినప్పుడల్లా ఆ చక్రం కూడా ఆగుతుంది. రోజుకు అరగంట చొప్పున వెనకబడుతూ మా ఇంట్లో నెల తిరిగేసరికి అర్ధరాత్రి దాటాక లైటు వెలగడం మొదలైంది. దొంగలు పడ్డారని మావయ్యగారు కర్ర పట్టుకుని హాల్లోకి వచ్చారు. లోపల చిన్న బ్యాటరీ ఉండే డిజిటల్ టైమరు తీసుకోండి.

మాస్టారు (శ్రీకాకుళం)
పాఠశాలలో రసాయనశాస్త్రం చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. మిత్రులు మొక్కల సంగతే చెప్పారు, నీటి సంగతి వదిలేశారు. చేపల మలం, మిగిలిన మేత కుళ్లి అమ్మోనియా పుడుతుంది. కొన్ని బ్యాక్టీరియాలు దాన్ని నైట్రైట్‌గా, మరికొన్ని నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ చేపలకు విషం. మూడోది కొద్దిగా ఉన్నంతవరకు ఫరవాలేదు, మొక్కలు దాన్ని ఎరువుగా వాడుకుంటాయి. ఈ బ్యాక్టీరియా నిలదొక్కుకోవడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. కాబట్టి కొత్త తొట్టిలో మొదటిరోజే చేపలు వేయడం తొందరపాటు. ఫిల్టరు స్పాంజిని కుళాయి కింద కడిగితే అందులో ఉండే ఈ బ్యాక్టీరియా క్లోరిన్‌కు చచ్చి కథ మళ్లీ మొదటికి వస్తుంది. తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండండి. వారానికోసారి నాలుగో వంతు నీళ్లు మార్చండి. తీసిన నీళ్లు పారబోయకండి, మా మేడ మీది మల్లెలు వాటితోనే పూస్తున్నాయి.

ఇంకొకటి, నా తెలివితక్కువతనం. డబ్బు ఆదా అవుతుందని ఒకసారి కళింగపట్నం తీరం నుంచి రెండు సంచుల ఇసుక తెచ్చాను. వంశధార కలిసే చోటు కదా, నది ఇసుకే అవుతుందని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. అందులో ఉప్పు సరే, గవ్వల పొడి కూడా ఉంటుంది. అది కాల్షియం కార్బొనేట్, కరుగుతూ నీటి కాఠిన్యం పెంచుతూ పోతుంది. చెంచాడు ఇసుక మీద వెనిగర్ పోసి చూసి ఉంటే నురగ వచ్చి విషయం తెలిసేది. ముప్పై ఏళ్లు పిల్లలతో చేయించిన ప్రయోగం ఇంట్లో గుర్తురాలేదు.

కోటవీధి
మాస్టారూ, మాకు మునిసిపల్ కుళాయి, బోరు రెండూ ఉన్నాయి. ఏవి మంచివి?

మాస్టారు
కుళాయి నీళ్లు బకెట్లో పట్టి ఒక రోజంతా మూత లేకుండా ఉంచితే క్లోరిన్ చాలావరకు పోతుంది. తొందరైతే దుకాణాల్లో దొరికే క్లోరిన్ విరుగుడు చుక్కలు వాడండి. చాలావాటిలో ఉండేది సోడియం థయోసల్ఫేటే. బోరు నీళ్లకు క్లోరిన్ బాధ లేదు, లవణాలు ఎక్కువ ఉండవచ్చు. గప్పీలు గట్టి నీళ్లలో హాయిగా ఉంటాయి కనుక మీకు అదీ పెద్ద చిక్కు కాదు. ఆవిరైన నీళ్లకు బదులు బోరు నీళ్లే పోస్తూ పోతే మాత్రం లవణాలు పేరుకుంటాయి. ఆవిరయ్యేది నీరే కదా, ఉప్పు కాదు.

చీపురుపల్లి
నేను దుకాణానికే వెళ్లలేదు. మా ఊరి చెరువులోంచి హైడ్రిల్లా, రిబ్బను ఆకుల వాలిస్నేరియా తెచ్చి వేశాను. చీకటి గదిలోనూ హైడ్రిల్లా ఏపుగా పెరిగింది. మంచి ఉపాయం అనుకున్నాను. తర్వాత గప్పీ పిల్లలు రోజుకు రెండు మూడు చొప్పున మాయం కాసాగాయి. తల్లి తింటోందనుకుని దాన్ని వేరే సీసాలో పెట్టాను. అయినా తగ్గలేదు. ఒకరాత్రి టార్చి వేసి చూస్తే నాచు మధ్య తూనీగ పిల్లపురుగు, నోట్లో గప్పీ పిల్ల. చెరువు మొక్క తెస్తే రెండు వారాలు వేరే బకెట్లో ఉంచి, రోజూ కదిపి చూశాకే వేయండి. లేత గులాబీ రంగు వచ్చేంత పొటాషియం పర్మాంగనేట్ నీళ్లలో పది నిమిషాలు ముంచి కడగడం కూడా అలవాటు చేసుకున్నాను.

బొబ్బిలి కోడలు
అంతరతామర వేస్తే ఇన్ని తిప్పలు ఉండవు. పైన తేలుతుంది, లైటుకు దగ్గర, గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఉచితం. నీళ్లలోని నైట్రేట్ పీల్చేస్తుంది.

నాగావళి గట్టు
అమ్మా, అసలే వెలుతురు తక్కువ గది. పైన తామర పరుచుకుంటే కింద క్రిప్టోకు ఏం మిగులుతుంది? నేను వేసి తీసేశాను. పైగా గాజు మూత ఉంటే ఆకుల మీద నీటి చుక్కలు పడి కుళ్లుతుంది.

బొబ్బిలి కోడలు
మూడో వంతుకే పరిమితం చేసి, మిగతాది వారం వారం తీసేస్తాను. మూత నేను పెట్టను. పదేళ్ల నుంచి గొడవ లేదు.

పలాస జీడితోట
లైటు గురించి ఇంత చర్చ జరుగుతోంది కానీ మన వైపు అసలు గండం వేడి, కరెంటు. మే నెలలో మా తొట్టి నీళ్లు 33 డిగ్రీలు దాటాయి. నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో ఆక్సిజన్ తగ్గుతుంది. చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తాయి. చిన్న ఫ్యాను నీటి మీదికి తిప్పితే రెండు డిగ్రీలు దిగుతుంది. తీరం దగ్గర గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఉక్కపోత రోజున అది కూడా దిగదు. అప్పుడు లైటు పూర్తిగా ఆపి, మేత సగం చేసి, గాలి పంపు ఆపకుండా నడపడమే. ఐసు ముక్కలు వేయకండి, ఉష్ణోగ్రత ఒక్కసారిగా పడిపోతే చేపలకు జబ్బు చేస్తుంది.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చిన తర్వాత మాకు రోజుల తరబడి కరెంటు లేదు. కొబ్బరి, జీడి చెట్లు పడిపోయి మనుషులకే దిక్కు లేని సమయంలో చేపల సంగతి ఎవరితో చెప్పుకుంటాం? గంటకోసారి మగ్గుతో నీళ్లు ముంచి జానెడు ఎత్తు నుంచి పోసేవాడిని. మేత మానేశాను. ఎనిమిది చేపల్లో ఏడు బతికాయి. తొట్టిలో చేపలు తక్కువ ఉండటం వల్లే గట్టెక్కాను. ఆనుబియాస్, జావా ఫెర్న్ అన్ని రోజులు చీకట్లో ఉండి ఒక్క ఆకు రాల్చలేదు. మొక్కలు కదా, గాలి ఇస్తాయని చీకట్లో నమ్ముకోకండి. వెలుతురు లేనప్పుడు అవి కూడా ఆక్సిజన్ పీల్చేవే. ఇప్పుడు బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి అలమరలో ఉంచాను.

కోటవీధి (ఏడు వారాల తర్వాత)
అందరికీ నమస్కారం. లైటు ఆరు గంటలే. ఆనుబియాస్‌లో మూడు వేళ్ల పొడవు ముక్క మిగిలింది, రాయికి కట్టాను, రెండు కొత్త ఆకులు వచ్చాయి. క్రిప్టో చెప్పినదానికన్నా కాస్త ఆలస్యంగా ఐదో వారంలో చివురించింది, ఈసారి ఆకులు పొట్టిగా, ముదురు గోధుమ రంగులో ఉన్నాయి. అద్దం పాచి పాత ఏటీఎం కార్డుతో గీకేశాను, మళ్లీ అంతగా పట్టలేదు. గోల్డ్‌ఫిష్‌ను ఇచ్చేద్దామంటే తీసుకునేవారు దొరకలేదు. పెద్దచెరువులో వదిలేయనా?

చీపురుపల్లి
వద్దు! అలా వదిలినవే చెరువుల్లో చేరి పెరుగుతాయి. అక్వేరియంలో అద్దాలు నాకుతుందని కొనే సక్కర్ చేప ఇప్పుడు మన రాష్ట్రపు చెరువుల్లో జాలర్ల వలలు చింపుతోంది. పీకేసిన మొక్కలు కూడా కాలువలో వేయకండి, ఎండబెట్టి చెత్తలో వేయండి. మీ గోల్డ్‌ఫిష్ రెండూ నేను తీసుకుంటాను. మా పెరట్లో సిమెంటు తొట్టి ఖాళీగా ఉంది.

నాగావళి గట్టు
వాటి చోట జావా ఫెర్న్ పెట్టండి. మాది గుబురైంది, ఆకుల చివర్ల పిల్లలు వేస్తోంది. వచ్చేవారం విజయనగరంలో పని ఉంది, తడి కాగితంలో చుట్టి తెస్తాను. మంగళవారం మూడు లాంతర్ల దగ్గర కలుద్దామా?

కోటవీధి
చాలా సంతోషం అండీ, కానీ మంగళవారం వద్దు. ఆరోజు పైడితల్లి అమ్మవారి సిరిమాను జాతర, మూడు లాంతర్ల దగ్గర కాలు పెట్టే చోటు ఉండదు. బుధవారం రండి. చీపురుపల్లి గారూ, మీరు కూడా బకెట్టు తీసుకుని అదే రోజు వస్తే మా అత్తగారు భోజనం పెడతానంటున్నారు.